నిప్పుల మీద నల్ల పున్నమి

పెంకా, నల్లని పెంకా, నిప్పుల నెత్తిన కొలువుదీరిన నిండు బింబమా! పొద్దు గుంకి పటాన్‌చెరు ఆకాశం పొగచూరిన రాగిరంగుకు తిరిగే వేళ, ముంబై రహదారి మీద లారీల వెలుగులు బారులు తీరే వేళ, నీ కింద బొగ్గులు ఒక్కటొక్కటిగా కళ్ళు తెరుస్తాయి. మొదట చిటపటలు, తరువాత రెపరెపలు, ఆపైన సద్దులేని ఎరుపు. మంటగా ఎగిరినంతసేపూ నిప్పుది పొగరు, కణికగా కుదురుకున్నాక నిప్పుది నిండుతనం. ఆ నిండుతనం కోసమే నువ్వు ఓర్పుగా ఎదురుచూస్తావు. నివురు పలుచని వెన్నెలై కమ్మి, లోపలి ఎరుపు మెల్లగా ఊపిరి తీసే ఘడియలో, వంట తెలిసిన చేయి నిన్ను ఎత్తి కుంపటి మీద నిలుపుతుంది. అప్పటిదాకా ఎవరికీ చెందని నిప్పు నీవల్ల పొయ్యి అవుతుంది. అప్పటిదాకా ఒట్టి రేకుల పందిరి నీవల్ల వంటసాల అవుతుంది. అప్పటిదాకా ఎవరి దారిన వాళ్ళు పోయే మనుషులు నీవల్ల ఒక్క బంతిన కూర్చుంటారు.

నిప్పు నేరుగా ముడితే ఏదీ మిగలదు, తల్లీ. ముట్టినదాన్నల్లా నాలుక చాచి నమిలేస్తుంది. పిండి ముద్దను బొగ్గుల్లో వేస్తే పైన మసి, లోపల పచ్చి. ఆకుకూరను వేస్తే ఆకూ లేదు, కూరా లేదు. నువ్వు నడుమ నిలిచావు గనుకనే నిప్పుకు నీతి వచ్చింది. విసనకర్ర గాలి సోకితే 700 డిగ్రీలు దాటిపోయే కణికల కోపాన్నంతా వీపున మోసి, ముఖాన మాత్రం 200 డిగ్రీల దరిదాపుల్లో నిలకడైన వేడిని పరుస్తావు. ఒక మూల కణిక ఎర్రగా ఉన్నా, ఇంకో మూల నల్లబడినా, ఆ హెచ్చుతగ్గులన్నీ నీ మందంలో మునిగి, కరిగి, ఒక్క తీరైన కాకగా పైకి తేలుతాయి. నిప్పు రోషం నీ వంతు, నిప్పు రుచి మా వంతు. కింద కాలేది నువ్వు, పైన పండేది మేము.

ఆ బొగ్గుకూ నీకూ ఈ కుంపటి దగ్గరే పరిచయం కలిగిందనుకుంటారు చూసేవాళ్ళు. మీది అంతకన్నా పాత చుట్టరికం. ఎర్రమట్టిలో, నల్లరాతిలో, ప్రాణవాయువుతో పెనవేసుకుని పేరులేక పడివున్న ఇనుమును విడిపించింది బొగ్గే. కొలిమిలో తాను మండి, తాను మాసి, ఆ ప్రాణవాయువును తనతో తీసుకుని గాలిలో కలిసిపోయింది. పోతూ పోతూ తనలో ఇంతను నీలో దాచి పోయింది. పోత ఇనుములో నూటికి 2 నుంచి 4 పాళ్ళు కర్బనమే కదా! నీ నలుపులో, నీ బరువులో, వేలితో మీటితే నీ గుండెల్లో మోగే ఆ గంభీరమైన నాదంలో బొగ్గు పాలు ఉంది. అందుకేనేమో నిన్ను కణికల మీద పెట్టగానే నీకు కొత్తచోటు అనిపించదు. పుట్టింటి గడపలో కాలుపెట్టిన ఆడపడుచులా చల్లగా కుదురుకుంటావు.

మన తెలంగాణ ఇనుమును లోకం ఎరుగును. నిజామాబాద్ వైపు కోనసముద్రం కొలిముల్లో పుట్టిన ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు కొండలూ సముద్రాలూ దాటి వచ్చారు. ఆ ఉక్కు దేశాలు తిరిగి కత్తులయింది, కత్తులు కథలయ్యాయి. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో ఈనాటికీ ఇనుము టర్బైన్ అయి తిరుగుతుంది. ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో కవచం తొడిగిన యుద్ధశకటమై ఉరుముతుంది. నువ్వు మాత్రం గుండ్రంగా, మౌనంగా, మూరెడు మేర ఆకలికి ఆసనమై కూర్చున్నావు. నన్నడిగితే ఇనుమెత్తిన జన్మలన్నిటిలో నీదే గొప్ప జన్మ. కత్తికి ఒక పగవాడు ఉండాలి. టర్బైన్‌కు ఒక యంత్రశాల ఉండాలి. నీకు పిడికెడు పిండి, గుప్పెడు బొగ్గు ఉంటే చాలు.

నీ కింద మండే ఆ బొగ్గులు ఎక్కడివి? చెరువు గట్ల మీద, పడావు పడ్డ చెలకల్లో, రైలు పట్టాల పక్కన, ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా ముళ్ళు పరుచుకుని పెరిగే సర్కారు తుమ్మవి. అమెరికా ఖండాల ఎండనేలల నుంచి వచ్చిన చెట్టు అది. రైతు దాన్ని తిట్టని రోజు లేదు. పక్కమొక్కను బతకనివ్వదని, చెరువు శిఖాన్ని చెరబడుతుందని తిడతాడు. ఆ తిట్లన్నీ నిజమే. అయినా దాన్ని నరికి, పేర్చి, గడ్డి కప్పి, మట్టి మెత్తి, గాలి అందీ అందకుండా బట్టీలో రోజుల తరబడి మగ్గబెడితే, చెమ్మ పోయి, జిగురు పోయి, ముల్లు పోయి, మొండితనం పోయి, మీటితే గల్లుమనే గట్టి నల్లబొగ్గు మిగులుతుంది. అంత ముళ్ళకంప ఇంత మంచి నిప్పు అవుతుందని ఎవరనుకున్నారు? నీ కిందికి వచ్చేసరికి దాని మీద ఎవరికీ ఏ కోపమూ ఉండదు.

ఇక జొన్నరొట్టె. నీ నల్లని ఆకాశంలో ఉదయించే తెల్లని చంద్రుడు. నీ మహిమంతా చూడాలంటే ఆ రొట్టె దగ్గర నిలబడాలి.

గోధుమపిండికి ఉండే సాగుడు జొన్నపిండికి లేదు. తనను తాను పట్టుకుని నిలిచే బంకతత్వం దాని పుట్టుకలోనే లేదు. ఎంత పిసికినా విరుగుతానంటుంది, ఎంత తట్టినా పగులుతానంటుంది. అందుకే రొట్టెలు చేసే అక్క సలసల కాగే నీళ్ళు పోస్తుంది. ఆ వేడికి పిండిలోని గంజి మెత్తబడి, ఒకదాన్నొకటి పట్టుకోవడం నేర్చుకుంటుంది. పొగలు కక్కుతుండగానే అరచేతి మడమతో అదిమి, మడిచి, మళ్ళీ అదిమి, నున్నగా, వెన్నముద్ద తీరుగా చేసి, పీట మీద పొడిపిండి చల్లి, తట్టడం మొదలుపెడుతుంది. తప తప తప. కుడిచేయి తడుతుంటే ఎడమచేయి అంచును కాస్తుంది. తప తప తప. ఒక్కో దెబ్బకు ముద్ద ఒక్కో వెంట్రుకవాసి తిరుగుతుంది, ఒక్కో తిరుగుడుకు ఒక్కో వేలెడు వెడల్పవుతుంది. గాజుల గలగల ఒక తాళం, తట్టుడు ఒక తాళం, నీ కింద బొగ్గుల చిటపట మూడో తాళం. కర్ర లేదు, కొలత లేదు, గిరిగీత లేదు. అయినా చూడు, ఏ వృత్తలేఖినికీ అందని గుండ్రం!

ఇప్పుడు నీ వంతు. అక్క చేతివేళ్ళతో నీ మీద నీళ్ళు చిలకరిస్తుంది. బొట్టు నీ మీద బద్ధకంగా పరుచుకుంటే, నువ్వింకా కాగలేదు. చుయ్యిమని కేకేసి ఆవిరైపోతే, నువ్వు సిద్ధం. ముత్యమై లేచి, తన ఆవిరి మీదే తాను తేలుతూ నీ ముఖాన చిందులు తొక్కితే, వేడి మితిమీరింది, కణికలను పక్కకు తోయాలి. కాలిన ఇనుప గరిటెలో ఈ నీటిచుక్కల నాట్యాన్ని చూసి అబ్బురపడి, 1756లో లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు గ్రంథంలో రాశాడు. శాస్త్రమంతా ఆయన పేరుతో దాన్ని పిలుస్తుంది. ఆయన చూపు గొప్పదే. ఆ చూపు జహీరాబాద్ వాడల్లో, నారాయణఖేడ్ తండాల్లో ప్రతి రొట్టెల పొయ్యి ముందూ ప్రతి పూటా ఉంది. ఒక్క బొట్టు నీళ్ళతో నీ మనసు చదివేస్తారు నీ బిడ్డలు.

రెండు అరచేతుల మీద రొట్టెను ఎత్తుకుని, గాలిలో ఒక్క ఊపు ఊపి, అక్క నీ మీద పరుస్తుంది. ముడత పడదు, చిరుగు పడదు. తడిచేత్తో పైభాగాన్ని నిమురుతుంది. పొడిపిండి కరిగి, నీటిపొర మెరిసి, సన్నని పగుళ్ళన్నీ మూసుకుపోతాయి. ఆ తడి ఆరీ ఆరకముందే అంచు పట్టి తిప్పేస్తుంది. అప్పుడు నీ నుంచి లేచే వాసన! వాన పడ్డ నల్లరేగడి వాసనకు వరుసైన వాసన, కోత కోసిన చొప్ప వాసనకు వదినెయ్యే వాసన, ఆకలిని అల్లంత దూరం నుంచి పేరుపెట్టి పిలిచే వాసన. నువ్వు ఒక్కోచోట ఇంకాస్త గట్టిగా తాకి, రొట్టె మీద గోధుమరంగు మచ్చలు వేస్తావు. మాంసకృత్తులూ చక్కెరలూ వేడికి ఒకదానిలో ఒకటి కలిసి రంగూ రుచీ వాసనా అయ్యే ఆ మాయకు 1912లో మయార్ అనే ఫ్రెంచి రసాయనవేత్త దారి చూపాడు. చంద్రుడికి మచ్చలే అందం; నీ చంద్రుడికి మచ్చలే రుచి.

ఆఖరి ఘట్టంలో అక్క నిన్ను కాస్త పక్కకు జరిపి, రొట్టెను కణికల గడ్డకు నిలువుగా ఆనిస్తుంది. నీ మీద కాలి గట్టిపడిన రెండు పొరల నడుమ ఇరుక్కున్న ఆవిరి దారి వెతుక్కుంటుంది. దారి దొరకదు. ఒక చోట చిన్న బుడగ, ఇంకోచోట ఇంకో బుడగ, అవి రెండూ కలిసి ఒక్క పెద్ద పొంగు. తనను తాను పట్టుకోలేని ఆ పిండి, విరగడమే ఎరిగిన ఆ పిండి, ఇప్పుడు ఊపిరి నింపుకుని నిండుగా నిలుస్తుంది. ఎల్లిగడ్డ కారం ఒక పక్క, పుంటికూర పప్పు ఒక పక్క, గుద్దితే చిట్లిన ఉల్లిగడ్డ ఒక పక్క. ఆ మొదటి తుంపుకు లేచే ఆవిరి ముందు ఏ విందూ నిలవదు. ఇది నా నమ్మకం. కాదనేవారు వచ్చి ఒక్క తుంపు తినాలి.

పెంకా, నీకు ఇంకో రూపం ఉంది. గుండ్రం విడిచి, చదరమై, పలకవై, సీకుల పొయ్యి మీద సగం మేర పరుచుకునే రూపం. ఇస్నాపూర్ చౌరస్తాలో, రుద్రారం దారిలో, బొల్లారం ఫ్యాక్టరీ గేట్ల ముందు దీపాలు వెలిగే పొద్దుకు, పొడుగాటి ఇనుప తొట్టిలో కణికలు పరుచుకుంటాయి. వాటి మీద సగం దూరం సీకులు వరుసగా వాలి ఉంటాయి, మిగతా సగం దూరం నువ్వు. సీకుల నుంచి కొవ్వు కరిగి నిప్పుల్లో చుక్కచుక్కగా రాలి, గుప్పుమని పొగై లేచి, మాంసానికి అగరుధూపం వేస్తుంది. ఆ సగం నిప్పుకు మాంసాన్ని అప్పగించే సగం. నీ సగం దాచుకునే సగం. సీకుకు గుచ్చలేనివన్నీ నీ దగ్గరికే వస్తాయి. సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, చీరిన పచ్చిమిరప, చిదిమిన ఎల్లిగడ్డ, గుప్పెడు మెంతికూర, పగలగొట్టిన కోడిగుడ్డు. చువ్వల సందుల్లోంచి జారి బూడిదలో కలిసిపోవలసిన చిన్నచిన్నవన్నీ నీ ఒడిలో ఆగి, తమ తమ రసాలను కలుపుకుని, ఒక్క రుచి అవుతాయి.

కార్జం ముక్కలు నీ మీద పడే చప్పుడు వినాలి. సుయ్‌మని ఒక్క అరుపు, తరువాత సన్నని సణుగుడు, ఆపైన అట్లకాడ టకటకలు. మాంసం వదిలిన కొవ్వు నీ మీదే నిలిచి, ఉల్లిగడ్డను బంగారుతీగెలుగా వేయిస్తుంది; మిరియపు ఘాటు లేచి ముక్కులను మేల్కొలుపుతుంది; చివర చల్లిన కొత్తిమీర క్షణంలో వాలి క్షణంలో పరిమళిస్తుంది. పక్కన సీకుల మీది పొగ మెల్లగా వంగి నీ మీదుగా పాకి పోతుంది. ఆ పొగ వాసనను కూడా నువ్వు ఒడిసి పడతావు. నిప్పు దగ్గరితనమూ, నిప్పు నుంచి కాపాడే దూరమూ రెండూ ఒక్క ముక్కలో దొరికేది ఈ ఒక్కచోటే. గ్యాసు మంట మీద ఎంత మంచి పెంక పెట్టినా ఈ పొగచుట్టరికం రాదు. ఒట్టి చువ్వల మీద ఎంత బాగా కాల్చినా ఈ రసం నిలవదు.

నీకు రాతి అక్క ఒకతె హైదరాబాదులో ఉంది. నల్లరాతి పలక కింద కణికలు పోసి, రాయి వేడెక్కాక, మసాలాలో నానిన పలుచని వేటమాంసపు ముక్కలను దాని మీద పరిచి కాల్చే పత్థర్ కా గోష్త్. నిజాం వేటకు పోయినప్పుడు అడవిలో పుట్టిందని ఆ నగరం చెప్పుకుంటుంది. కథ ఎలా ఉన్నా రాయి గొప్పతనం కళ్ళముందే ఉంది. కోట్ల ఏళ్ళు భూమి లోపల కాలి చల్లారిన రాయి, మళ్ళీ మనిషి ఆకలి కోసం కాలడానికి ఒప్పుకుంది. దక్కను పీఠభూమి అంతా ఒక మహాపెంక అని నాకనిపిస్తుంది. వైశాఖంలో కంది ఊరి గుట్టల మీద చెప్పుల్లేకుండా నడిచినవాళ్ళు ఆ మాటను ఒప్పుకుంటారు.

ఈ నేలకు నిప్పుతో ఉన్న సంబంధమంతా రుచికరమైనదని చెప్పలేను, తల్లీ. నీ ముందు అబద్ధమాడలేను. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో నిప్పు కట్టు తెంచుకుంది. 40 మందికి పైగా మనుషులను మింగింది. బీహార్ నుంచి, ఒడిశా నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన బిడ్డలు వాళ్ళలో ఎందరో. ఆ పొద్దు ఈ ఫ్యాక్టరీల బెల్టు మీద లేచిన పొగకు ఏ కమ్మదనమూ లేదు. ముందు రాత్రి నీ పక్కన నిలబడి రొట్టె తుంచుకున్న చేతులు మరునాడు లేవు. నడుమ నీవంటిది ఏదీ లేని చోట, కాకను ఓర్చి కాపాడే దళసరితనం లేని చోట, నిప్పు ఏమి చేస్తుందో ఆ పొద్దు చూశాం. అప్పటినుంచి నిన్ను చూసినప్పుడల్లా నా మొక్కు ఇంకాస్త వంగింది. బతకడానికి వచ్చిన మనిషికీ అతన్ని కాల్చగల వేడికీ నడుమ నిలిచేది ఏదైనా సరే, దాన్ని దేవత అనడానికి నేను సంకోచించను.

నక్కవాగు నీళ్ళు రంగు మారిన నేల ఇది. గాలిలో ఘాటైన మందుల వాసన తిరిగే నేల. అయినా ఈ నేలలోనే, పటాన్‌చెరులోనే, 1972లో పుట్టిన మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిసాట్ ఉంది. 140కి పైగా దేశాల నుంచి సేకరించిన 1,20,000కు పైగా విత్తన నమూనాలను చలిగదుల్లో నిద్రపుచ్చి కాపాడుతోంది. జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లీ, చిరుధాన్యాలు. ఫ్యాక్టరీ పొగగొట్టాలకు కూతవేటు దూరంలో ప్రపంచపు మెట్టపంటల ప్రాణం చల్లగా పడుకుని ఉంది. లోపల చలిలో గింజ, బయట నిప్పుల మీద నువ్వు. గింజ కథ ఆ గదిలో ఆగి ఉంటుంది, నీ దగ్గరికి వచ్చి పండుతుంది.

ఇంకాస్త పడమరగా పోతే జహీరాబాద్ పక్కన పస్తాపూర్. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల అక్కలు అక్కడ విత్తనాలను బ్యాంకుల్లో కాదు, బుట్టల్లో దాస్తారు. బూడిద కలిపి, వేపాకు కలిపి, మట్టి మెత్తి దాస్తారు. ప్రతి సంక్రాంతికీ ఎడ్లబండ్లను గింజలతో సింగారించి పాత పంటల జాతరగా ఊరూరా తిప్పుతారు. మాచునూరులో 2008 నుంచి వాళ్ళ సంఘం రేడియో పలుకుతోంది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించడానికి ఎన్నో ఏళ్ళ ముందే ఆ తల్లులు ప్రతి సంవత్సరాన్నీ జొన్న సంవత్సరం చేశారు. యాసంగిలో, చుక్క వాన లేని చలిలో, నల్లరేగడి దాచుకున్న చెమ్మనూ రాలిన మంచునూ తాగి పెరిగే జొన్న వాళ్ళది. పచ్చజొన్న, తెల్లజొన్న, మాల్దండి. మంచు తాగిన గింజను నిప్పు మీద పండించడానికి నువ్వు కావాలి. చలికాలపు తపస్సుకు నువ్వే వరం.

ఎంత దూరాలు నీ మీద కలుస్తాయి! జొన్నకు పుట్టిల్లు ఆఫ్రికా ఈశాన్యపు నేలలు. అక్కడ ఇథియోపియాలో ఈనాటికీ మట్టితో చేసిన నీ చెల్లెలి మీద ఇంజెరా రొట్టెలు పోస్తారు. మిరపకూ మక్కకూ పుట్టిల్లు మెక్సికో వైపు. అక్కడ కొమాల్ అనే నీ ఇంకో చెల్లెలి మీద మక్కరొట్టెలు కాలుతాయి. నీ కింది బొగ్గు సముద్రాలు దాటి వచ్చిన తుమ్మది. నీ పక్కన నిలబడ్డవాడు గంగ ఒడ్డు నుంచి వచ్చినవాడు. అతని ఊళ్ళో లిట్టీలనే పిండి ముద్దలను నేరుగా పిడకల నిప్పులో కాలుస్తారు. జొన్నరొట్టె అతనికి కొత్త, నిప్పు వాసన పాత. అతని పక్కన మహానది ఒడ్డు నుంచి వచ్చినవాడు. అతని పక్కన మంజీర ఒడ్డునే పుట్టి, చెలక అమ్ముకుని, గేటు లోపల కూలీ అయినవాడు. మూడు భాషల్లో ముగ్గురూ "ఇంకొకటి" అంటారు. నీకు అన్నీ అర్థమవుతాయి. సుయ్‌మన్న ఒక్క మాటతో అందరికీ జవాబిస్తావు.

మరి నీకు చేయవలసిన సేవ ఏమిటి? ఎంతో లేదు. కొత్తగా వచ్చిననాడు గంజినీళ్ళతో కడిగి, కణికల మీద కాల్చి, సగం కోసిన ఉల్లిగడ్డను పల్లినూనెలో ముంచి నీ ఒళ్ళంతా రుద్దాలి. పొగలు పోయేదాకా ఆగి, చల్లార్చి, మళ్ళీ రుద్దాలి. నూనె నీ రంధ్రాల్లోకి దిగి, వేడికి గట్టిపడి, నూనె పేరు మరిచి, నీ చర్మమైపోతుంది. ఏటికేడూ పొర మీద పొర, వంట మీద వంట, తరం మీద తరం. అమ్మమ్మ వేసిన పొర మీద అమ్మ వేసిన పొర, దాని మీద నేటి పిల్ల వేసే పొర. అంగట్లో నిగనిగలాడే అంటుకోని పూతల పెంకలు ఎన్నో ఉన్నాయి. గీత పడిందంటే వాటి కథ ముగిసింది. నీకు గీత పడితే ఇంకో పొర. తుప్పు పడితే రుద్ది ఇంకో పొర. నీకు ముసలితనం లేదు. వాడినకొద్దీ నునుపు, కాలినకొద్దీ వన్నె. చింతపండు పులుసు మాత్రం నీకు పగ. ఆ పొరను కొరికేస్తుంది. పులుసుకు మట్టికుండ ఉండనే ఉంది, నీ జోలికి రాకూడదు. నిన్ను నమ్మి తినేవారి నెత్తుటిలోకి నీ ఇనుము పిసరంత చేరుతుంది. రక్తం తక్కువై వెలవెలబోయే మన పల్లె తల్లులకు నువ్వు రోజూ చేసే ఈ దానం ఎవరి లెక్కల్లోకీ రాదు.

నీకు ఇంకో నియమం ఉంది, దాన్ని మరవకూడదు. నీకు ఆకాశమే కప్పు. కంది ఊరి చలికి, పుష్యమాసపు కొరుకుడుకు, కార్మికుల కిరాయి గదుల్లో తలుపులు మూసి కుంపటి పెట్టుకుంటే కంటికి కనిపించని విషవాయువు నిండి నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆరుబయట పెట్టండి తమ్ముళ్ళారా, గాలి ఆడేచోట పెట్టండి. నలుగురూ చూసేచోట, నలుగురూ చేతులు చాచేచోట పెట్టండి. పెంక పదిమంది నడుమ పండుగ, మూసిన తలుపుల వెనక గండం.

రాత్రి పది దాటింది. బీ షిఫ్టు వదిలారు. గేట్లలోంచి హెల్మెట్లు, టిఫిన్ డబ్బాలు, మాసిన నీలిచొక్కాలు, ఎర్రబడిన కళ్ళు. ఎనిమిది గంటలు యంత్రం ముందు నిలబడ్డ కాళ్ళు నీ వైపే నడుస్తాయి. ఇంతసేపూ వాళ్ళు కాలారు, ఇప్పుడు వాళ్ళ కోసం నువ్వు కాలాలి. "అక్కా, రెండు రొట్టెలు!" "అన్నా, కార్జం ఒక ప్లేటు, కారం ఎక్కువ!" "భయ్యా, ప్యాజ్ జర జ్యాదా!" అక్క చీరకొంగు బిగించింది. పిల్లవాడు అట్టముక్కతో విసురుతున్నాడు, నివురు ఎగిరి కణికలు ఒక్కసారి భగ్గుమన్నాయి. పీట మీద తప తప తప. నీటిబొట్టు పడింది, చుయ్యిమంది. సంచిలో బొగ్గులు ఇంకా ఉన్నాయి, బేసిన్‌లో పిండి ఇంకా ఉంది, సీ షిఫ్టుకు పోయేవాళ్ళు ఆకలితో నిలబడి ఉన్నారు. కాగు తల్లీ, కాగు! ఇంకో రొట్టె వస్తోంది, వీపు కాయించు, ముఖం చాపు, అందుకో!